మా బిడ్డ దద్దుర్లకు ఊరంతా డాక్టర్లే

మా బిడ్డకు నాలుగేళ్ళు నిండిన వానాకాలంలో మొదటిసారి గొంతు నొప్పి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళలో అది ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్క పెట్టలేదు. ఆ బాధ్యత మా అత్తమ్మ తీసుకుంది. "గిది ఏడోసారి" అనో, "గిది తొమ్మిదోసారి" అనో చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఒక రకమైన గర్వం కనిపించేది. లెక్క ఎంత పెరిగితే కోడలి చేతకానితనం అంత రుజువైనట్టు.

అప్పుడు మేము కోరుట్లలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో పెద్ద పెద్ద భవనాలు కట్టేవాడు. అంటే ఎవరో కట్టే భవనాలకు సిమెంటు మోసేవాడు. మా మామయ్య బతికినంత కాలం తాటిచెట్లు ఎక్కి కల్లు గీశాడు. కొడుకుకు ఆ విద్య రాలేదు, వీసా వచ్చింది. మామయ్య పోయాక అత్తమ్మ సారంగాపూర్ దగ్గరి తమ ఊరి నుంచి మా ఇంటికి వచ్చింది. కోడలికి తోడుగా పోతున్నానని ఊళ్ళో చెప్పి వచ్చిందట. వచ్చిన వారం రోజులకే అది తోడు కాదు, కాపలా అని నాకు అర్థమైంది.

రోగం వచ్చే వరస మాత్రం తప్పేది కాదు. మొదట పిల్ల అన్నం వద్దంటుంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతుంది. మర్నాడు మెడ కింద, చంకల్లో సన్నని ఎర్రటి గింజలు తేలుతాయి. చెయ్యి వేసి చూస్తే గరగరలాడే ఇసుక కాగితంలా ఉంటుంది. నాలుగు రోజులకు అన్నీ పోతాయి. నెలో రెండు నెలలో ఊరుకుని మళ్ళీ వస్తాయి. ఇవి చాలవన్నట్టు, జ్వరం లేకుండానే ఒక్కోరోజు తొడల మీద, అప్పుడప్పుడు చేతుల మీద కూడా అరచేతి వెడల్పు ఎర్రమచ్చలు లేచేవి. పొద్దున లేచి పొద్దుగూకేసరికి మాయమయ్యేవి. డాక్టరుకు చూపిద్దామని బయల్దేరితే దారిలోనే పోయేవి. ఏమీ లేని తొడను చూపించి "ఇక్కడ ఉండేనండీ" అని చెప్పుకుని నేను చాలాసార్లు నవ్వులపాలయ్యాను.

మా గల్లీ చివర ఒక ఆర్‌ఎంపీ ఉండేవాడు. మనిషి మంచివాడు. గొంతు చూడటం, ఛాతీ మీద గొట్టం పెట్టడం లాంటి అనవసరపు పనులతో మన టైం పాడు చేసేవాడు కాదు. పిల్లను గుమ్మంలో చూడగానే సూది తీసేవాడు.

"ఏం గాదు చెల్లె, వైరల్. సూది ఏస్త, రేపటికి లేసి ఉర్కుతది."

నిజంగానే లేచి ఉరికేది. ఆయన ఇచ్చిన సిరప్ రెండు రోజులు పట్టేదాన్ని. జ్వరం తగ్గగానే ఆపేసి, మిగిలిన సీసా మూత గట్టిగా బిగించి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. మళ్ళీ వచ్చినప్పుడు ఆ సీసాతోనే మొదలుపెట్టేదాన్ని. నేను బీఎస్సీ చదివాను. పిల్లలకు పరిశుభ్రత పాఠం చెప్పేదాన్ని. ఇది చెప్పకపోతే మిగతావాళ్ళ గురించి చెప్పే అర్హత నాకుండదు.

అత్తమ్మ దృష్టిలో ఇదంతా వేడి. పిల్ల గుడ్డు తింటే వేడి, మామిడి పండు తింటే వేడి, తల్లి బడికి పోయి ఇంటిపట్టున ఉండకపోయినా పిల్లకే వేడి.

"రెండు గుక్కలు ఈతకల్లు తాపితె ఒళ్ళు సల్లవడ్తది. మా పిల్లలకు గట్లనే తాపినం. ఒక్కనికన్న గిట్ల దద్దులు లేసినయా?"

"అవును అత్తమ్మా, తాగి పండుకుంటే దద్దులు లేసింది ఎవలు సూస్తరు" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

సిరిసిల్లలో మా అమ్మది ఇంకో రకం వైద్యం. మా బాపు అక్కడ సాంచాల మీద పనిచేసేవాడు. సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. వేసవి సెలవుల్లో పిల్లను తీసుకెళ్తే అమ్మ దాని మెడ చూసి, "మొక్కు ఉన్నదే, మర్సిపోయినం" అంది. ఏం మొక్కు, ఎప్పుడు మొక్కావు అంటే అదీ మర్చిపోయిందట. మర్చిపోయిన మొక్కు తీర్చడానికి అందరం బస్సెక్కి వేములవాడ పోయాం. ఆ ఎండలో, ఆ వరసలో మూడు గంటలు నిలబడి, మొక్కుబడి కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి వచ్చేసరికి పిల్ల తొడల మీద మచ్చలు తేలాయి. అమ్మ కళ్ళు మెరిశాయి.

"సూసినవా? దేవుడు లోపలిది బయటికి తోలుతున్నడు."

తర్వాత ఆరు వారాలు ఏమీ రాలేదు. అది కోడె మహిమ. ఏడో వారం వచ్చింది. అది నేను మనసులో నమ్మకపోవడం వల్ల.

ఒక చర్మవ్యాధుల డాక్టరుకు కూడా చూపించాం. ఆయన వంకాయ, గుడ్డు, చేప, పల్లీలు, టమాట, పాలు, పుల్లటివి, రంగువి, బేకరీవి పెట్టొద్దని చీటీ రాశాడు. తినదగినవి రాసి ఉంటే చీటీ చిన్నదయ్యేది. నెల రోజులు పిల్లకు అన్నం, పెసరపప్పు పెట్టాను. దద్దుర్లు తగ్గలేదు గానీ పిల్ల తగ్గింది. పిల్ల చదివేదీ మా బడిలోనే. బడి యజమాని మాత్రం దద్దుర్లు చూసి చాలా బాధపడ్డాడు. "పిల్లను ఇంట్ల ఉంచుండ్రి మేడం, వేరే పిల్లలకు అంటుకుంటది" అన్నాడు. "మరి నేను?" అన్నాను. "మీరు రావాలె గదా, పరీక్షలున్నయి" అన్నాడు. దద్దుర్లకు ఎవరిని అంటాలో ఎవరిని అంటకూడదో తెలుసన్నమాట.

ఇక గల్ఫ్ వైద్యం. శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం వండుకుని తిన్నాక మా ఆయన వీడియో కాల్ చేసేవాడు. వాళ్ళ క్యాంపు గదిలో పదిమంది. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళే. ఒకరి మంచం మీద ఒకరి మంచం. పిల్ల దద్దుర్ల ఫోటో పెట్టగానే గదంతా ఆస్పత్రి అయ్యేది.

"ఆగు, రూంల అందరికి సూపించిన. గంభీరావుపేటాయన ఇంటికాడ కంపౌండర్ పని చేసిండట. గది రక్తంల వేడి అంటుండు."

"ఎన్ని డిగ్రీలున్నదో అడుగు."

"ఎక్కిరియ్యకే. ఇంకోతను వాళ్ళ అన్న కొడుక్కు గిట్లనే అయితే ఆకుపసరు పూసిండ్రట. కేకు తిన్నదా మొన్న పుట్టినరోజుకు? అదే అయ్యుంటది. నువ్వు జర పట్టించుకోవే పిల్లను."

చివరి మాట ప్రతి శుక్రవారం ఉండేది. మూడువేల కిలోమీటర్ల అవతల ఉన్నవాడు పట్టించుకుంటున్నాడు, పక్కన పడుకునేదాన్ని నేను పట్టించుకోవడం లేదు. నాకు ఒళ్ళు మండేది. "పట్టించుకునేటోడివి వచ్చి పట్టించుకో" అని ఫోన్ పెట్టేసేదాన్ని.

ఒక శుక్రవారం అలాగే మాట్లాడుతున్నాడు. ఎప్పుడూ మొహం మాత్రమే కనిపించేలా ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టేవాడు. పిల్ల తన చేతి మీది మచ్చ కెమెరాకు అంటించి చూపించి, "డాడీ, నీ చేతులు ఏవి? సూపియ్యి" అంది. ఆయన నవ్వి మాట మార్చాడు. ఇంతలో ఫోన్ జారి పడింది. అందుకుని లేపేటప్పుడు చెయ్యి కనిపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా పొక్కి, మీద తెల్లగా పగిలి ఉంది. వేళ్ళ సందుల్లో నెత్తురు చారలు.

"ఏంది గది?"

"ఏం లేదు. సిమెంటు."

"ఎన్నొద్దుల సంది?"

"ఈడ అందరికి ఉంటది తియ్యి. పిల్లకు జొరం తగ్గిందా?"

"ఫోటో పెట్టు నీ చేతులది."

"ఊకో నువ్వు" అన్నాడు. ఆయన వెనక ఎవరో ఉల్లిగడ్డ కోస్తున్న చప్పుడు వినిపించింది. "ఇంటికి రా" అన్నాను చివరికి. "పాస్‌పోర్ట్ కంపెనీ తాన ఉన్నది. లీవడిగితె ఈ సైటు అయినంక అంటుండు. ఇది అయినంక ఇంకో సైటు ఉంటది" అన్నాడు. రెండేళ్ళుగా పిల్ల ఒంటి మీద ప్రతి గింజనూ ఫోటో తీయించుకుని చూసిన మనిషి, తన చేతులు మాత్రం కెమెరా కిందికి దాచుకుని మాట్లాడాడు.

ఆ మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, పిల్లకు మునుపెన్నడూ లేనంత దద్దు లేచింది. మెడ నుంచి కాళ్ళ దాకా ఎర్రగా, ఉడికిన రొయ్యలా అయింది. అత్తమ్మ చూడగానే చెంపలు వేసుకుంది.

"తల్లి అచ్చింది. మందులు గిందులు పొయ్యకు. మీద తల్లి ఉన్నప్పుడు సూది ఏస్తె కోపం జేస్తది."

వేపమండలు తెచ్చి మంచం చుట్టూ పెట్టింది. పసుపునీళ్ళు చల్లింది. నేను ఒప్పుకున్నాను. నమ్మి కాదు. రెండేళ్ళుగా అన్నీ చేసి అలసిపోయాను. ఎదిరించి మందు పోస్తే, ఏదన్నా అయితే ఆ నేరం జీవితాంతం నా మీద ఉంటుంది. ఒప్పుకుంటే అమ్మవారి మీద ఉంటుంది. అంత తెలివిగా ఆలోచించాను.

మూడో రోజు పొద్దున పిల్లకు మంచినీళ్ళు పట్టబోతే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. మింగలేకపోతోంది. ఉమ్మి కూడా మింగలేక దిండు తడిసింది. మెడ రెండు వైపులా గడ్డలు కట్టి ఉబ్బింది. ఎప్పుడూ గోల చేసే పిల్ల ఏడవలేదు. నావైపు చూసి గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది, అంతే. ఆ చూపుతో నా తెలివంతా దిగిపోయింది. దుప్పట్లో చుట్టి భుజాన వేసుకున్నాను.

"తల్లి ఉన్నప్పుడు గడప దాటిస్తవా?" అత్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"తల్లిని గూడ తోలుకపోతున్న. ఆమెకు గూడ డాక్టర్‌కు సూపిస్త. నువ్వు జరుగు."

జరిగింది. జరిగి, ఇంటికి తాళం వేసి, ఒక వేపకొమ్మ పట్టుకుని నా వెనకే వచ్చింది. జగిత్యాల బస్సులో కొమ్మను, పిల్ల మొహాన్ని చూసి జనం లేచి సీటు ఇచ్చారు. మా ముందు రెండు వరసలు, వెనక రెండు వరసలు కూడా ఇచ్చేశారు. కిక్కిరిసిన బస్సులో అంత దర్జాగా నేను ఎన్నడూ ప్రయాణం చేయలేదు.

జగిత్యాల సర్కారు దవాఖానలో పిల్లల డాక్టరు ఒక నడివయసు ఆవిడ. అరవై మందిని చూసి, ఇంకా అరవై మంది మిగిలినట్టున్న మొహం. వేపకొమ్మ వైపు చూసి, "అది పేషెంటుకా, నాకా?" అంది. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, టార్చి వేసి, నాలుక మీద పుల్ల పెట్టి, "ఆ అను బిడ్డా" అంది. రెండేళ్ళలో పిల్ల నోరు తెరిపించి లోపలికి చూసిన మొదటి మనిషి ఆమె.

"ఇటు రా, నువ్వు గూడ చూడు. ఆ తెల్లటి చీము చూసినవా? నాలుక మీద ఎర్ర గింజలు చూడు. ఇది అమ్మవారు గాదు. గొంతుల ఇన్ఫెక్షన్. స్ట్రెప్ అని ఒక బ్యాక్టీరియా. ఒంటి మీది ఎర్రదనమంత దాని విషమే. ఇంతకుముందు గిట్ల ఎన్నిసార్లు వచ్చింది?"

నేను తడబడ్డాను. నా వెనక నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"పదమూడోసారి. గొంతు నొప్పితోటి పదమూడు. ఉత్త మచ్చలు అయితే వేరే."

డాక్టరు తలెత్తి ఆమె వైపు చూసి, "ఈ ఇంట్ల ఒక్కలన్న లెక్క పెట్టిండ్రు" అని చీటీ మీద రాసుకుంది. అత్తమ్మ నావైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

"మందు ఎన్ని రోజులు పోసేదానివి?" నన్ను అడిగింది.

"జొరం తగ్గేదాకా."

"తగ్గినంక?"

"ఆపేసేదాన్ని. మళ్ళ వస్తే పనికొస్తదని సీసా దాచేదాన్ని."

"అందుకే మళ్ళ మళ్ళ వచ్చింది, పనికొచ్చేతందుకు" అంది. నా అంత వెటకారం తెలిసినవాళ్ళు ఇంకొకరు ఉంటారని అప్పుడే తెలిసింది. తర్వాత గొట్టం పెట్టి పిల్ల గుండె చాలాసేపు విన్నది. మోకాళ్ళు నొక్కి చూసింది. ఇది మాటిమాటికి వస్తే గుండె కవాటాలు, కీళ్ళు పాడవుతాయట. గుండె బాగుంది అని చెప్పాక అత్తమ్మ కిందనే కూర్చుండిపోయింది.

పిల్లను వార్డులో చేర్చుకున్నారు. గొంతులో పొడుగాటి దూది పుల్ల పెట్టి తీసి పరీక్షకు పంపారు. ఆ పని చేసేటప్పుడు పిల్ల డాక్టరు కోటు మీద కక్కింది. ఆమె తుడుచుకుంటూనే అడిగింది, "ఈ పిల్ల గ్లాసుల, పళ్ళెంల ఎవలెవలు తింటరు? మీ ఇద్దరివి గూడ తీస్త. నోరు తెరువుండ్రి."

నేను లోపల నవ్వుకున్నాను. అత్తమ్మ పిల్లకు పల్లీలు నమిలి పెట్టే మనిషి. ఇవాళ దొరికింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వార్డులో పిల్లకు సెలైన్ ఎక్కుతున్న ఆ మూడు రోజులూ, రిపోర్టు వచ్చాక అత్తమ్మతో ఏం అనాలో మాటలు పేర్చుకుంటూ గడిపాను. చాలా మంచి మాటలు తయారయ్యాయి.

రిపోర్టు వచ్చింది. పిల్ల గొంతులో ఆ బ్యాక్టీరియా ఉంది. అత్తమ్మ గొంతు శుభ్రం. నా గొంతులో ఉంది.

నాకు గొంతు నొప్పి ఏడాదిగా ఉంటూనే ఉంది. నలభైమంది పిల్లల ముందు అరిచే టీచరుకు గొంతు నొప్పి ఉండకపోతే ఆశ్చర్యం గానీ ఉంటే ఏముంది అనుకున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించేదాన్ని. పిల్ల అన్నం వేడి చూడటానికి మాత్రం నేనే ముందు ఒక ముద్ద తిని, అదే చెంచాతో పెట్టేదాన్ని. దాని గ్లాసులో మిగిలిన పాలు నేనే తాగేదాన్ని. అందరూ నన్ను తప్పు పట్టారు, అన్నీ తప్పుడు కారణాలతో. నేను అందరినీ ఎగతాళి చేశాను. పిల్లకు రోగం మళ్ళీ మళ్ళీ అంటించిన గొంతుతోనే చేశాను.

డాక్టరు గదిలో నేను ఏడ్చాను. "ఏడ్వకు. నీకు తెల్వదు గదా. పది రోజులు మందు, ఇద్దరికి. పదకొండో రోజు ఏడ్వు, టైముంటది" అంది ఆమె.

అత్తమ్మ ఆ రిపోర్టును ఒక్కరోజు పూర్తిగా వాడుకుంది. ఇంటి ఓనరుకు, పక్కింటివాళ్ళకు, పాలు పోసేవాడికి చెప్పింది. "నా గొంతు సుద్దంగ ఉన్నదట. చదువుకున్నోళ్ళ గొంతులనే పురుగులట." రెండో రోజు పొద్దున ఆమె గిన్నెలు మూడు వాటాలు వేసింది. నా గ్లాసుకు ఎర్ర దారం కట్టింది. తలుపు వెనక గోడ మీద చాక్‌పీసుతో గీతలు గీయడం మొదలుపెట్టింది, పిల్లకు ఒక వరస, నాకు ఒక వరస. పూట తప్పనివ్వలేదు. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మాత్ర, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేది.

"మింగినవా?"

"మింగిన అత్తమ్మా."

"నోరు తెరువు. నాలుక లేపు."

ఆ పది రోజుల్లో పిల్ల వేలి కొసల చర్మం పొరలు పొరలుగా ఊడింది. డాక్టరు ముందే చెప్పింది కాబట్టి మేం భయపడలేదు. అత్తమ్మ మాత్రం ఆ వేళ్ళకు కొబ్బరినూనె రాస్తూ, "పాము కుబుసం ఇడిసినట్టు ఇడుస్తున్నదే నా తల్లి" అని మురిసిపోయింది. ఈతకల్లు మాట మళ్ళీ ఎత్తలేదు.

గొంతు నొప్పి ఆ తర్వాత ఏడాది గడిచాక ఒక్కసారి వచ్చింది. పూర్తిగా పది రోజులు మందు వేశాం, పోయింది. మళ్ళీ రాలేదు. తొడల మీది మచ్చలు మాత్రం ఆగలేదు. ఈసారి తెలివిగా ఫోన్‌లో ఫోటో తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె ఫోటో పెద్దది చేసి చూసింది. పిల్లను తిప్పి చూసింది. రక్త పరీక్షలు చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇవి ఎందుకొస్తున్నయో నాకు తెల్వదు" అంది. "చాలామంది పిల్లలకు ఎందుకొస్తయో ఎవలకు తెల్వదు. ప్రమాదం లేదు. పెద్దగైతె పోవచ్చు, పోకపోవచ్చు. అన్నీ తినవెట్టు."

అప్పటిదాకా నాకు ఎదురైన ప్రతి మనిషికీ ఆ మచ్చల కారణం తెలుసు. గల్ఫ్ గదిలో పదిమందికి తెలుసు. బస్సులో పక్క సీటామెకు తెలుసు. అంత చదువు చదివిన ఈమెకే తెలియదట. ఆ మాట వినగానే నాకు ఎంత తేలికైందంటే, తిరుగు బస్సెక్కే ముందు పిల్లకు ఆమ్లెట్ కొనిపెట్టాను. రెండు గుడ్లది.

మా ఆయన ఆ మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం కాగితాలు లేని పనివాళ్ళకు క్షమాభిక్ష పెట్టినప్పుడు వచ్చాడు. ఏ నేరం చేశాడని క్షమించారో నాకు ఇప్పటికీ తెలియదు. తన పాస్‌పోర్ట్ తన దగ్గర లేకపోవడమే నేరమనుకుంటాను. చిన్న సంచీతో కోరుట్ల బస్టాండులో దిగాడు. పిల్ల ముందు నా వెనక దాక్కుంది. తర్వాత వచ్చి ఆయన చెయ్యి తిరగేసి, మళ్ళీ తిరగేసి చూసింది. పొద్దున్నే జగిత్యాల తీసుకెళ్ళి చూపించాం. సిమెంటు పడదని, ఇక ముట్టొద్దని చెప్పారు. "ముట్టకుంట ఎట్ల? పన్నెండేండ్లు గదే పని జేసిన" అన్నాడు ఆయన నవ్వబోయి. సిరిసిల్లలో మా బాపు సాంచాల మీద పెట్టించాడు. ఆ చప్పుడుకు రెండు నెలలు కూడా ఉండలేకపోయాడు. ఇప్పుడు మా బడి పిల్లలను తీసుకొచ్చే ఆటో నడుపుతాడు. చేతులు చాలావరకు మానాయి. చలికాలంలో పగులుతాయి. కొడుకు వచ్చిన నెలకు అత్తమ్మ తన ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కొడుక్కి ఏమీ చెప్పలేదు, నన్ను మాత్రం పక్కకు పిలిచి, "గొంతు నొప్పి లేస్తె దాసిపెట్టకు" అంది.

మా బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మచ్చలు ఏడాదికి రెండు మూడుసార్లు వస్తాయి. ఎక్కువగా పరీక్షలప్పుడు. ఎవరికీ చూపించదు. పొడుగు చేతుల డ్రెస్సు వేసుకుని, బ్యాగు తగిలించుకుంటుంది.

"దూల పెడ్తున్నదా? మందు తేవాల్నా?" అంటాను, గోక్కోవడం చూసి.

"బస్సు టైమైతుందమ్మా" అంటుంది.